బిగింపు, సడలింపు

కారులో కొత్త స్టీరియో పెట్టించుకున్న కొన్నాళ్లకు చాలామందికి ఓ చిన్న చప్పుడు వినిపించడం మొదలవుతుంది. నున్నటి రోడ్డు మీద ఉండదు. గతుకుల్లోనో, స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడో డాష్‌బోర్డు వెనక ఎక్కడో టక్ టక్ మంటుంది. పాట నడుస్తున్నంతసేపూ తెలియదు, ఆపగానే మళ్లీ బయటపడుతుంది. స్పీకర్లకేమీ కాలేదు, యాంప్లిఫైయర్‌కీ ఏమీ కాలేదు. ఆ చప్పుడు చేసేది ఓ ప్లాస్టిక్ కప్లర్. ఏ ఆధారమూ లేకుండా స్టీరియో వెనక వేలాడుతూ, కారు ఊగినప్పుడల్లా పక్క గోడకు తగులుతూ ఉంటుంది. దానికి మెత్తటి నూగున్న క్లాత్ టేపు రెండు చుట్లు చుట్టి, దగ్గర్లోని బ్రాకెట్టుకు ఒక కేబుల్ టై బిగిస్తే ఆగిపోతుంది. ఇంత చిన్న పని ఎందుకు మిగిలిపోయింది? డాష్‌బోర్డు మూశాక దాన్ని ఎవరూ చూడరు కనుక. స్పీకరు పేరు, వాట్లు, తెర సైజు అన్నీ కొనేవాళ్లు అడుగుతారు. వైరు ఏ దారిన వెళ్లింది, ఎక్కడెక్కడ కట్టారు అని అడిగేవాళ్లు అరుదు. కానీ ఆ వ్యవస్థ పదేళ్లు సుఖంగా పాడుతుందా, రెండో వేసవికే మొరాయిస్తుందా అన్నది చాలావరకు ఆ అడగని సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంటి వైరింగుకు ఒక సౌకర్యం ఉంది. గోడ కదలదు. పైపులో వేసి సిమెంటు పూస్తే తరం గడిచినా ఆ వైరు అక్కడే ఉంటుంది. కారులో కదలని చోటంటూ లేదు. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుని స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఒక పక్కకు ఒరుగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి, సీట్లు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, డిక్కీ మూత పైకి లేస్తుంది. పైగా బాడీ మొత్తం రోడ్డుతో పాటు సన్నగా వణుకుతూ ఉంటుంది. అందుకే వైరు వేసేవాడు ప్రతి అడుగులోనూ తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ దేనికి దేనికి మధ్య కదలిక ఉంది? వైరూ, అది ఆనుకున్న రేకూ కలిసి కదిలే చోట గట్టిగా కట్టాలి, లేకపోతే రాపిడి. రెండు భాగాలు వేర్వేరుగా కదిలే చోట వదులుగా విడిచిపెట్టాలి, లేకపోతే వైరు లోపలే తెగుతుంది. నియమం చెప్పుకోవడానికి తేలికే. కారు లోపల ఏది ఏ భాగమో తెలుసుకోవడంలోనే పనితనమంతా ఉంది.

పన్నెండు వోల్టులే కదా, షాక్ కూడా కొట్టదు, ఇంత జాగ్రత్త దేనికి అనిపించవచ్చు. వోల్టేజి తక్కువ కావడమే ఇక్కడ ఇబ్బంది. అదే శక్తిని తక్కువ వోల్టేజితో తేవాలంటే కరెంటు ఎక్కువ పారాలి. 500 వాట్ల నిజమైన అవుట్‌పుట్ ఇచ్చే క్లాస్ డి యాంప్లిఫైయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే, ఇంజను నడుస్తున్నప్పుడుండే 13.8 వోల్టుల దగ్గర అది దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లదే. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల దూరం అనుకుందాం. 8 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే ఆ 45 ఆంపియర్ల దగ్గర సుమారు అర వోల్టు దారిలోనే పోతుంది. పోయినదంతా వేడి. అంటే ఇరవై వాట్లకు పైగా వేడి కార్పెట్టు కింద పుడుతుంది. 21 చదరపు మిల్లీమీటర్ల వైరైతే ఆ నష్టం 0.2 వోల్టు లోపే. పాట ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు కనుక సగటు వేడి ఇంతకంటే తక్కువే. అయినా డప్పు దెబ్బ పడిన క్షణాన యాంప్లిఫైయర్‌కు చాలినంత వోల్టేజి అందకపోతే, లోతుగా మోగాల్సిన శబ్దం పలచబడిపోతుంది.

వైరు మందం చూసి మోసపోయే వీలూ ఉంది. బజార్లో చౌకగా దొరికే ఆంప్ కిట్లలో చాలావాటిలో ఉండేది అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు. అల్యూమినియం నిరోధం రాగికి సుమారు 1.6 రెట్లు. కాబట్టి అంతే పని చేయాలంటే అంతకు తగ్గట్టు లావుండాలి. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఒక్క పోగు విడదీసి బ్లేడుతో గీకితే పైపూత కింద తెల్లగా మెరుస్తుంది. అసలు రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. తగరం పూసిన రాగి దీనికి తిరగేసినట్టుంటుంది: పైకి తెల్లన, లోపల ఎరుపు. తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో ఆ తగరం పూత పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కొన్ని వైర్లకు లోపలి లోహం సన్నగా ఉండి, పైనున్న ప్లాస్టిక్కే లావుగా ఉంటుంది. చేతికి దిట్టంగా తగిలినంత మాత్రాన నమ్మకూడదు, కోసి చూడాలి.

పని మొదలయ్యేది బ్యాటరీ దగ్గర, అదీ నెగెటివ్ కేబుల్ విప్పడంతో. చాలా కార్లలో 10 నంబరు స్పానరు సరిపోతుంది. పాజిటివ్ నుంచి బయల్దేరే కొత్త వైరుకు ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గర ఉంటే అంత మేలు. 45 సెంటీమీటర్లు దాటకూడదన్నది ఈ రంగంలో స్థిరపడిన మాట. ఫ్యూజు యాంప్లిఫైయర్‌ను కాపాడటానికే అనుకోవడం విస్తారంగా ఉన్న పొరపాటు. యాంప్లిఫైయర్‌కు దాని ఫ్యూజులు దానికే ఉంటాయి. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు కాపాడేది దారిలోని వైరును. ఎక్కడో ఇన్సులేషన్ చినిగి రాగి రేకుకు తగిలితే చిన్న కారు బ్యాటరీ కూడా కొన్ని వందల ఆంపియర్లు గుమ్మరించగలదు. వైరు ఎర్రగా కాలి, ఆనుకున్న ప్లాస్టిక్కును అంటించడానికి ఎంతోసేపు పట్టదు. ఫ్యూజును డిక్కీలో యాంప్లిఫైయర్ పక్కన పెడితే ఆ ఐదు మీటర్లకూ కాపలా లేనట్టే. ఫ్యూజు విలువ కూడా వైరు మోయగలిగే కరెంటును బట్టి నిర్ణయించాలి. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయడమంత ప్రమాదకరమైన మరమ్మతు ఇంకొకటి లేదు.

బానెట్ కింద వైరు బాడీని అంటిపెట్టుకునే వెళ్లాలి. బ్యాటరీ కూర్చునేది బాడీ మీద, కారు లోపలికి దారి ఉండేదీ బాడీలోనే. ఈ రెండింటి మధ్య వైరును ఇంజను మీదుగా అడ్డంగా తీసుకెళ్లి దాని పైపులకు కట్టారంటే ఊగే వస్తువుకు ముడేసినట్టే. సైలెన్సర్ మానిఫోల్డుకు, బెల్టులకు, ఫ్యానుకు దూరంగా పోవాలి. బ్రేకు పైపులకు, పెట్రోలు పైపులకు, స్టీరింగు కడ్డీకి, క్లచ్ కేబుల్‌కు ఎంత వీలుగా కనిపించినా కట్టకూడదు. ఈ భాగంలో వైరుకు గీతలు గీతలుగా ఉండే ఫ్లెక్సిబుల్ పైపు తొడుగు వేసి, పదిహేను ఇరవై సెంటీమీటర్లకొక చోట టై బిగిస్తారు. తొడుగు వేడికీ రాపిడికీ అడ్డు. ఎలుకలకు కొంతవరకే అడ్డు. అపార్ట్‌మెంటు సెల్లార్లో రోజుల తరబడి నిలిపే కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం మన ఊళ్లలో నిత్యం వినే గోడు. బానెట్ కింద వైరు ఎంత తక్కువ పొడవుంటే అంత మంచిదనడానికి ఇదీ ఒక కారణం.

కేబుల్ టై మనకిప్పుడు ఆలోచించనక్కర్లేనంత మామూలు వస్తువు. అది పుట్టింది కార్ల కోసం కాదు, విమానాల కోసం. ఒకప్పుడు విమానాల్లో వేల వైర్లను కట్టలు కట్టడానికి మైనం పూసిన దారంతో చేత్తో ముడులు వేసేవారు. దారం కోసుకుని కార్మికుల చేతులు పుళ్లు పడేవి. అమెరికాలోని థామస్ అండ్ బెట్స్ సంస్థలో పనిచేసే మారస్ లోగన్ అది చూసి, 1958లో ఒక్క చేతి లాగుడుతో బిగుసుకునే పట్టీని తయారుచేశాడు. ఆ సంగతి తెలిశాక దాన్ని కత్తిరించే తీరు మీదా శ్రద్ధ పెట్టాలనిపిస్తుంది. తోకను ఏటవాలుగా కోస్తే మిగిలే మొన బ్లేడంత పదును. తర్వాత బల్బు మార్చడానికి చెయ్యి పెట్టిన మెకానిక్ ముంజేయి చీరుకుపోతుంది. ఫ్లష్ కట్టరుతో తలకు సమానంగా కత్తిరించాలి. బానెట్ కింద నల్లటివే వాడాలి. తెల్ల నైలాను ఎండకూ వేడికీ పెళుసెక్కి విరుగుతుంది. ఇన్సులేషన్ నొక్కుకుపోయేంతగా బిగించకూడదు. చేత్తో తిప్పితే కట్ట తిరగకూడదు, అంత చాలు.

ఇంజను గదికీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఇనుప గోడ, మెకానిక్కులు ఫైర్‌వాల్ అనేది, ఈ దారి మొత్తంలో అతి కీలకమైన చోటు. ఎక్కువ షార్టులు పుట్టేది ఇక్కడే. రేకుకు వేసిన రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. దాన్ని ఒరుసుకుంటూ వెళ్లిన వైరు వణికి వణికి కొన్ని నెలల్లో ఇన్సులేషన్ కోల్పోతుంది. అందుకే కంపెనీ వైర్లు లోపలికి వచ్చే చోట బిగించి ఉన్న రబ్బరు గ్రోమెట్‌ను వెతికి, దాని ఖాళీ మూలలో చిన్న గాటు పెట్టి అందులోంచి తీసుకురావడం మేలు. కొత్త రంధ్రం తప్పకపోతే అంచును ఆకురాయితో నున్నగా చేసి, కోసిన రేకుకు రంగు పూసి, సరైన సైజు గ్రోమెట్ వేయాలి. వైరు దూర్చడంలో ఓ కిటుకు ఉంది. గట్టి జీఐ తీగను ముందు గ్రోమెట్‌లోంచి పంపి, దాని కొసకు వైరును మొన తేలేలా టేపుతో చుట్టి, సబ్బునీళ్లు రాసి మెల్లగా లాగుతారు. గ్రీజు రాస్తే తేలిగ్గా జారుతుంది గానీ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వానాకాలాన్నీ ఇక్కడే తలచుకోవాలి. నీరు వైరు వెంట పాకుతుంది. కాబట్టి రంధ్రానికి ముందు వైరు కాస్త కిందికి వంగి, మళ్లీ పైకెక్కి లోపలికి వెళ్లాలి. నీటి చుక్కలు ఆ వంపు అడుగున రాలిపోతాయి. ఈ వంపు లేకపోతే ఒక్క పెద్ద వానకు కార్పెట్టు తడుస్తుంది. ఆ తడి ఎక్కడినుంచి వచ్చిందో ఎంతకీ అంతుపట్టదు.

లోపలికొచ్చాక తలుపు గడప పట్టీ కింద, కంపెనీ వైర్లు వెళ్లే ప్లాస్టిక్ కాలువ పక్కన దారి దొరుకుతుంది. క్లిప్పులు ఊడదీసి పట్టీ ఎత్తితే చాలు. ఒకవైపు పవర్ వైరు, రెండోవైపు స్టీరియో నుంచి యాంప్లిఫైయర్‌కు వెళ్లే ఆర్‌సీఏ వైర్లు. దాదాపు ప్రతి ఇన్‌స్టాలరూ పాటించే అలవాటిది. దీనికి కారణం చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నిదానించాలి. స్థిరంగా పారే కరెంటు పక్క వైరులో చప్పుడు పుట్టించదు. హెచ్చుతగ్గులే పుట్టిస్తాయి. ఆల్టర్నేటర్ తెచ్చే సన్నటి అలలు, డప్పు దెబ్బకు ఒక్కసారిగా పెరిగే లాగుడు, ఇవన్నీ పవర్ వైరులో ఉంటాయి. ఆర్‌సీఏలో ఉండే సంకేతం సాధారణంగా కొద్ది వోల్టులే. అందుకని దూరం పాటించడం న్యాయమే. తప్పనిసరిగా దాటాల్సిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. స్పీకరు వైర్లకు ఈ పట్టింపు అంతగా అక్కర్లేదు. వాటిలో సంకేతం బలంగా ఉంటుంది.

అయితే ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ గొంతు పెంచే ఆ కీచుమోత వినిపిస్తే వైర్ల పక్కపక్క ప్రయాణాన్నే మొదట అనుమానించడం తొందరపాటు. చాలాసార్లు తప్పు ఎర్తుది. స్టీరియో ఒకచోట, యాంప్లిఫైయర్ మరోచోట బాడీకి ఎర్త్ అవుతాయి. ఆ రెండు చోట్ల మధ్య చిన్న వోల్టేజి తేడా ఉన్నా అది ఆర్‌సీఏ తొడుగు గుండా పారి స్పీకర్లలో వినిపిస్తుంది. అందుకని ఎర్త్ వైరు పవర్ వైరంత లావుండాలి, పొడవు అర మీటరు దాటకూడదు. చోటు ఎంచుకోవడంలో ఓపిక కావాలి: వెల్డింగుతో బాడీలో కలిసిపోయిన మందపాటి రేకు కావాలి. సీటు బెల్టు బోల్టును ముట్టుకోకూడదు. అది ప్రాణాలు మోసే బోల్టు, దాని బిగింపుకు కంపెనీ లెక్క ఉంటుంది. వైరు కొసకు బిగించే లగ్గు వెడల్పు కంటే కాస్త ఎక్కువ చోటును ఉప్పుకాగితంతో రుద్దాలి. ముందు రంగు పోతుంది, దాని కింద ప్రైమర్ బూడిదరంగులో కనిపిస్తుంది, చాలామంది అక్కడ ఆపేస్తారు. ప్రైమర్ కూడా పోయి లోహం తళతళలాడాలి. పళ్ల వాషరు వేసి బిగించాక, తెరుచుకున్న రేకు తుప్పు పట్టకుండా చుట్టూ రంగో గ్రీజో పూయాలి. రంగు మీదే లగ్గు బిగించిన ఎర్త్ తొలిరోజు పనిచేసినట్టే ఉంటుంది. అందుకే అది అంత చెడ్డది.

సీటు కింద యాంప్లిఫైయర్ పెట్టే కార్లలో జరిగే పట్టాల సంగతి మరవకూడదు. సీటును పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కి జరిపి, వైరు ఏ కొసలోనూ నలగడం లేదని కళ్లతో చూశాకే కార్పెట్టు మూయాలి. సీటు కింద పసుపుపచ్చ కప్లర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త మోడళ్లన్నిటికీ ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. కొన్నిటిలో సీట్లలోనూ, అద్దం పక్క స్తంభంలోనూ ఉంటాయి. ఆ వైర్లకు ఏదీ కట్టకూడదు, టెస్టరుతో పొడవకూడదు. స్తంభంలో ట్వీటర్ వైరు వేస్తే అది కర్టెన్ ఎయిర్‌బ్యాగు వెనకగా పోవాలి. ముందునుంచి వెళితే ఎయిర్‌బ్యాగు విచ్చుకునే దారికి అడ్డమవుతుంది.

తలుపు దగ్గర నియమం తలకిందులవుతుంది. అప్పటిదాకా కట్టుకుంటూ వచ్చిన చెయ్యి ఇక్కడ వదలాలి. తలుపుకీ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. స్పీకరు వైరు అందులోంచే పోవాలి, బయట వేలాడకూడదు. రోజుకు పదిసార్లు తెరిచినా ఏడాదికి మూడున్నర వేలకు పైగా మడతలు. సన్నటి పోగులు ఎక్కువున్న వైరే ఇన్ని మడతలు తట్టుకుంటుంది. గొట్టం లోపల టై గానీ, అతుకు గానీ ఉండకూడదు. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు కూడా వైరు లాగినట్టు ఉండకుండా కాస్త నిడివి మిగలాలి. తలుపు లోపలికి చేరగానే మళ్లీ కట్టడం మొదలు. ఇక్కడ అద్దం కిందికి దిగుతుంది, దాని దారికి అడ్డం రాకూడదు. నీటిని ఆపే ప్లాస్టిక్ షీటును చించితే తిరిగి అతికించి తీరాలి.

అతుకుల విషయంలో డాష్‌బోర్డు వెనక జరిగే అన్యాయం అంతా ఇంతా కాదు. కంపెనీ కప్లర్‌ను కోసి, పోగులు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. ఎండలో నిలిపిన కారులో ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, రెండు కొసలూ బయటపడతాయి. ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ హార్నెస్ కొనుక్కుంటే ఒక్క వైరూ కోయనక్కర్లేదు, వారంటీ గొడవా ఉండదు. అతుకు తప్పని చోట సరైన పనిముట్టుతో క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. సోల్డరింగ్ ఇంకా గట్టిది కదా అనే వాదన ఉంది. కానీ కరిగిన సోల్డర్ పోగుల్లోకి పాకి వైరును కడ్డీలా బిరుసు చేస్తుంది, ఆ బిరుసు ఆగిపోయే చోటే వణుకుకు తెగుతుంది. సోల్డర్ చేసినా, అతుకుకు రెండు పక్కలా కట్టి కదలకుండా చేస్తేనే నిలుస్తుంది. స్టీరియో వైర్ల రంగుల్లో పసుపు ఎప్పుడూ కరెంటున్నది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్తు, తెల్ల చార ఉన్న నీలం యాంప్లిఫైయర్‌ను మేల్కొలిపేది. విడి స్టీరియోల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది. కారు కంపెనీల రంగులు వేరు, వాటికి మీటరు పెట్టి చూడాల్సిందే. స్పీకరు వైర్లలో ఏది పాజిటివో తెలియకపోతే 1.5 వోల్టుల సెల్లు తాకించాలి. కోను బయటికి పొంగితే సెల్లు పాజిటివ్ తగిలినదే స్పీకరు పాజిటివ్. ఒక స్పీకరు తిరగబడితే మోత పెద్దగానే ఉంటుంది గానీ, బేస్ మాత్రం పలచబడుతుంది.

అన్నీ మూసేముందు వైర్ల దారిని ఒక కాగితం మీద గీసి, ఫ్యూజు విలువతో పాటు కారు పుస్తకంలో పెట్టడం మంచి అలవాటు. అతుకుల దగ్గర చిన్న లేబుళ్లు అంటిస్తే తర్వాత విప్పేవాడికి రోజు కలిసొస్తుంది. ఫ్యూజు తీసి ఉంచే బ్యాటరీ నెగెటివ్ బిగించాలి, ఆ తర్వాతే ఫ్యూజు వేయాలి. ఇంజను నడుస్తుండగా, పాట గట్టిగా పెట్టి, బ్యాటరీ దగ్గరా యాంప్లిఫైయర్ దగ్గరా వోల్టేజి కొలవాలి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో వైరు చాలడం లేదు, లేదా బిగింపు సరిగా లేదు. పావుగంట తర్వాత ఫ్యూజు హోల్డరును, లగ్గులను చేత్తో తాకాలి. వెచ్చగా తగిలిన చోట బిగింపు తక్కువైనట్టే. స్క్రూ కింద నొక్కుకున్న రాగి పోగులు కొన్ని రోజులకు సర్దుకుని వదులవుతాయి. కాబట్టి నెల తిరిగేలోపు యాంప్లిఫైయర్ స్క్రూలనూ, ఎర్త్ బోల్టునూ, ఫ్యూజు హోల్డరునూ ఇంకోసారి బిగించాలి.